పోలయ్య మామ లేతు, యల్లమ్మవ్వ మోకాళ్ళు

మా ఇంటికీ పోలయ్య మామ కొట్టానికీ మధ్య ఉన్నది ఒకటే గోడ. ఆ గోడకు మా వైపున మేకు కొట్టి మా పెళ్ళిఫొటో తగిలించుకున్నాం. మొదటిసారి అది కింద పడ్డప్పుడు పిల్లి పని అనుకున్నాం. రెండోసారి పడేటప్పుడు నేను దానికి ఎదురుగానే కూర్చుని సంగటి తింటున్నాను. ఫొటోలో నేనూ మా ఆవిడా కాసేపు వణికాం, పక్కకు ఒరిగాం, ఆ తర్వాత ఇద్దరం కలిసి బోర్లా పడ్డాం. పిల్లి ఆ సమయానికి నా పక్కనే ఉంది. గోడ అవతల పోలయ్య మామ లేతు మిషను ఆడుతోంది.

నా నష్టం చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. కానీ చెప్పకుండా మొదలుపెట్టలేకపోయాను. ఫొటోకు అద్దం వేయించడానికి మార్కాపురం దాకా పోయివచ్చిన మనిషికి ఆ మాత్రం కోపం ఉంటుంది.

పోలయ్య మామ మాకు చుట్టం కాదు. వాళ్ళు గొర్రెలు మేపుకునేవాళ్ళు, మేం కందీ మిరపా పండించుకునేవాళ్ళం. అయినా మా ఊళ్ళో వరసలేని మనిషిని పిలవడం ఎవరికీ చేతకాదు. అందుకని ఆయన నాకు మామ, నేను ఆయనకు అల్లుణ్ణి. యర్రగొండపాలెం నుంచి నల్లమల వైపు ఆటోలో వస్తే, ఇక అడవే అనుకునే చోట తగిలే ఊరు మాది. మామ బతుకంతా మంద వెనకాలే గడిచింది. కొన్నాళ్ళు అడవిలో, కోతలయ్యాక దిగువ ఊళ్ళ చేలల్లో, ఎక్కడ మేత ఉంటే అక్కడ. ఇంటికి చుట్టపుచూపుగా వచ్చి, గొంగడి ఆరేలోపల మళ్ళీ పోయేవాడు.

పోయినేడు వాగు గట్టున జారిపడి నడుము పట్టేసింది. మంద వెంట తిరగడం ఇక కుదరదని తేలి గొర్రెలన్నీ అమ్మేశాడు. దాంతో సుబ్బులత్తకు కష్టాలు మొదలయ్యాయి. మామ పెళ్ళాం సుబ్బులత్త, మొగుడు ఊళ్ళో లేని సంసారానికి అలవాటు పడిన మనిషి. ఇప్పుడు ఆయన తెల్లవారకముందే లేచి పెరట్లో నిలబడి “హెయ్, హెయ్” అని దేన్నో అదిలించేవాడు. అదిలించడానికి అక్కడ ఒక కోడి, సుబ్బులత్త తప్ప ఎవరూ లేరు. ఆవిడ నీళ్ళకు పోతే వెనకాలే పోయేవాడు. వంటింట్లోకి పోతే గడపలో చేతికర్ర ఆనించి నిలబడేవాడు.

“ఈ మనిషికి ఏదన్నా పని చూడకుంటే నేను అడవికి పోతా అల్లుడా,” అని ఒకరోజు నా దగ్గర గొంతు పెద్దది చేసింది.

అటువంటి రోజుల్లోనే మామ ఏదో పనిమీద గిద్దలూరు పోయాడు. అక్కడ ఎత్తేస్తున్న ఒక మంచాల దుకాణంలో చిన్న లేతు మిషను చూశాడు. చెక్క మొద్దును రెండు కొసల మధ్య బిగిస్తే మోటారు దాన్ని గిర్రున తిప్పుతుంది. తిరిగే చెక్కకు ఉలి ఆనిస్తే అది చెక్కుకుపోయి గుండ్రంగా తయారవుతుంది. మంచం కాళ్ళు, కవ్వాలు, చపాతీ కర్రలు అట్లాగే చేస్తారు. మామకు అవేవీ కనబడలేదు. ఆయనకు కనబడింది రాలుతున్న పొట్టు.

“అచ్చం ఉన్ని కత్తిరించినట్టే రాలతాంది అల్లుడా! చుట్టలు చుట్టలుగా,” అన్నాడు నాతో. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం చూసి నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

ఆ సాయంత్రమే లేతు ఆటోలో ఊళ్ళోకి దిగింది. ఊరంతా చూడ్డానికి వచ్చింది. దించేటప్పుడు మామ దాని తలవైపు తాను పట్టుకుని, “మెల్లగ, మెల్లగ, బెదురుతాది,” అన్నాడు.

అప్పుడే సుబ్బులత్త అన్న రంగనాయకులు కూడా దిగాడు. ఆయనకు మార్కాపురంలో పలకల గోడౌను ఉంది. మనిషి భారీ, మాట అంతకన్నా భారీ. గోడౌను కాపలాదారు మానేశాడట, ఆ పనికి బావను తీసుకుపోదామని వచ్చాడు.

“కుర్చీ ఇస్తా బావా. టార్చి ఇస్తా. గేటు కాడ కూర్చోడమే,” అన్నాడు.

పోలయ్య మామ నేల చూపులు చూశాడు. “నడిచేటివాటిని కాసినోణ్ణి బావా నేను. నడవని పలకల్ని ఏమని కాయాల?” అన్నాడు.

ఇద్దరికీ నచ్చజెప్పలేక సుబ్బులత్తే తీర్పు చెప్పింది. యల్లమ్మవ్వ మంచానికి ఒక కాలు విరిగి అప్పటికి చాలా కాలమైంది. యల్లమ్మవ్వ అంటే మామ తల్లి, ఎనభై దాటిన మనిషి. ఇనప మంచం వద్దంటుంది, మడత మంచం వద్దంటుంది, చాప మీద పడుకుని మోకాళ్ళు పట్టేశాయని మూలుగుతుంది. శివరాత్రి తిరునాళ్ళలోపల ఆ మంచానికి నాలుగు కాళ్ళూ ఆ మిషను మీద గుండ్రంగా చేసి చూపించాలి. చూపిస్తే లేతు ఇంట్లో ఉంటుంది. చూపించకపోతే లేతు పాత ఇనుము బండెక్కుతుంది, మామ మార్కాపురం బస్సెక్కుతాడు.

“సరే,” అన్నాడు మామ. ఒప్పుకున్నాడేగాని, ఆయన చెయ్యి లేతు మీదనుంచి తీయలేదు. ఆకాశం కింద తప్ప కూర్చోని మనిషి గేటు పక్కన కుర్చీలో విజిలు పట్టుకుని కూర్చుంటే ఎట్లా ఉంటాడో నా ఊహకే అందలేదు.

లేతు ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. రంగనాయకులు ఉన్న చోట ప్రశ్నకు కొదవ ఉండొచ్చుగాని జవాబుకు ఉండదు. “బరువు నైరుతి మూల ఉండాల. వాస్తు ప్రకారం అంతే. ఇంకో మాట లేదు,” అన్నాడు. నలుగురం కలిసి కొట్టంలో నైరుతి మూలకు మోశాం.

“ఆ మూల వద్దురా,” అంది యల్లమ్మవ్వ చాప మీదనుంచి.

ఎవరూ పట్టించుకోలేదు. అందులో మా తప్పేమీ లేదు. అవ్వ దేనికైనా ముందు వద్దంటుంది. కరెంటు వద్దంది, గ్యాసు పొయ్యి వద్దంది, సెల్లు ఫోను వద్దంది. మా పెళ్ళి కుదిరినప్పుడు చూడ్డానికి వచ్చి, మా ఆవిడ ముందే నన్ను వద్దంది. అన్ని వద్దుల మధ్య ఆ వద్దు ఎక్కడ పోయిందో ఎవరికి తెలుసు?

మర్నాడు మామ టెంకాయ కొట్టి స్విచ్చి వేశాడు. లేతు గుర్రుమంది, ఊగింది, ఆ పైన పూనకం వచ్చినట్టు వణకడం మొదలుపెట్టింది. బల్ల మీది మేకుల డబ్బా నడుచుకుంటూ వెళ్ళి కింద పడింది. గోడ అలమరలో సుబ్బులత్త గిన్నెలు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి. పొదుగుతున్న కోడి గుడ్లను దిక్కులేనివాటిగా వదిలేసి బయటికి పరుగెత్తింది. మామ ఉలి ఆనిస్తే అది ఎగిరెగిరి పడుతోంది. తీరా ఆపి చూస్తే గుండ్రంగా రావాల్సిన మంచం కాలు ఎలకలు కొరికిన చెరకుముక్కలా ఉంది. మా ఫొటో మొదటిసారి పడింది అప్పుడే. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

మామ మోటారు మీద అరచెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాడు. గొర్రె డొక్క మీద చెయ్యి వేసి చూసే అలవాటు అది.

“జొరం ఉండాది దీనికి,” అన్నాడు.

“మోటారు తిరిగితే వేడెక్కదా మామా?”

“ఈ వణుకు చలిజొరందే. నాకు తెలీదా?”

ముందు చెక్కనే అనుమానించాం. అడవి పక్కనుంచి తెచ్చిన వేప మొద్దు అది, ఒకవైపు లావు, ఒకవైపు సన్నం, పైగా పచ్చిది. లావువైపు కిందికి లాగుతుంటే తిరిగేది ఎగిరి పడదా? మామ ఎండిన చెక్క తెచ్చాడు. గొడ్డలితో అంచులు చెక్కి ముందే కాస్త గుండ్రం చేశాడు. రెండు కొసల్లోనూ బొగ్గుతో అడ్డగీతలు గీసి, గీతలు కలిసిన చోటే నడిమధ్య అని గుర్తుపెట్టి అక్కడే బిగించాడు. బెల్టును పెద్ద పుల్లీకి మార్చి వేగం తగ్గించాడు. వణుకు కొంచెం తగ్గింది. కానీ ఉలి ఇంకా ఎగురుతూనే ఉంది.

అప్పుడు నేను కలగజేసుకున్నాను. నాకు బోరుమోటార్ల అనుభవం ఉంది. “మామా, ఇది బెల్టు పని. దుకాణంలో ఎన్నాళ్ళు మడిచి పడేశారో, చూడు, మడత పడిన చోట బొప్పి కట్టింది. ఆ బొప్పి పుల్లీ మీదికి వచ్చినప్పుడల్లా ఎత్తి కుదేస్తాంది. రాసిస్తా, కొత్త బెల్టు వేస్తే సప్పుడు చెయ్యదు,” అన్నాను. ఆ మాట అనేటప్పుడు గోడకు ఆనుకుని కాలు మీద కాలు వేసుకుని నిలబడ్డాను కూడా.

నేనే యర్రగొండపాలెం పోయి కొత్త బెల్టు తెచ్చాను. వేశాం. పడిపోయిన మా ఫొటోకు కొత్త అద్దం వేయించి తగిలించిన మర్నాడది. రెండోసారి పడింది.

ఇక మామ తన పద్ధతి బయటికి తీశాడు. కొట్టం మధ్యలో గొంతుక్కూర్చుని నాకు పాఠం చెప్పాడు.

“మందలో ఒక గొర్రె దగ్గుతాంటది అల్లుడా. చీకట్లో ఏదో తెలీదు. అప్పుడేం జేస్తాం? మందను సగం ఇటు, సగం అటు తోలతాం. దగ్గు ఏ పక్కనుంచి వస్తే ఆ పక్కను మళ్ళా సగం జేస్తాం. అట్ల విడదీసుకుంటా పోతే ఆఖరికి దగ్గేదే మిగులుద్ది. ఇదీ అంతే.”

నిజం చెప్పాలంటే నా బెల్టు కంటే ఆ మాట బాగుంది. ముందు చెక్క తీసేసి ఉత్త లేతు తిప్పాడు. వణికింది. అయితే చెక్కది తప్పు లేదు. బెల్టు కూడా తీసేసి మోటారు ఒక్కదాన్నే తిప్పాడు. వణికింది. అయితే బెల్టుదీ లేదు, పుల్లీలదీ లేదు, తిరిగే ఇరుసుదీ లేదు.

“దొరికింది దొంగది! మోటారే,” అని మామ తొడ చరిచాడు.

మోటారు విప్పి గొంగట్లో చుట్టి, ఇద్దరం పాలెంలో మోటార్లు బాగుచేసే శ్రీకాంత్ షాపుకు పోయాం. శ్రీకాంత్ దాన్ని సిమెంటు నేల మీద పెట్టి కరెంటు ఇచ్చాడు. మోటారు తుమ్మెదలా సన్నగా పాడింది. అతను తాగుతున్న టీ గ్లాసు దానిమీద పెట్టాడు. టీ మీద చిన్న అల కూడా రాలేదు.

“దీనికేం కాలేదు పెద్దాయనా. నీ స్టాండులో ఉండాది తేడా. కాళ్ళు సమంగా ఉన్నాయా చూసుకో, నట్లు బిగించుకో, కింద ఇసక మూటలెయ్. బరువు పడితే కదలదు,” అన్నాడు.

ఇంటికి తెచ్చి బిగించి స్విచ్చి వేశాం. గిన్నెలు మోగాయి. కోడి ఈసారి స్విచ్చి వెయ్యకముందే వెళ్ళిపోయింది.

అక్కడ నిమ్మళంగా పాడిన మోటారు ఇక్కడ వణుకుతోందంటే తేడా ఎక్కడుంది? ఇప్పుడు ఎవరైనా చెప్పగలరు. అప్పుడు మామకు తట్టింది వేరే. “నీళ్ళు పడలా దీనికి. కొత్త ఊరికి తోలుకపోతే గొర్రెలకూ ఇంతే, నాలుగు దినాలు వణికి సర్దుకుంటాయి,” అన్నాడు. నాకు తట్టింది కరెంటు. మా లైనులో ఓల్టేజి ఎప్పుడూ ఏడుపే కదా, దానివల్లే అన్నాను. సుబ్బులత్తకు తట్టింది దిష్టి. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ముగ్గురం దగ్గాం. లేతు వణికింది.

ఈ రోజుల్లోనే ఇంకొకటి జరుగుతోంది. మేం చూస్తూనే ఉన్నాంగాని పట్టించుకోలేదు. యల్లమ్మవ్వ తన చాపను రోజురోజుకూ లేతు దగ్గరికి జరుపుకుంటోంది. మామ స్విచ్చి వెయ్యగానే వచ్చి, గుంజకు వీపు ఆనించి, రెండు కాళ్ళూ నైరుతి మూలకు బారజాపి కూర్చునేది. వద్దు అనడం మానేసింది. పైగా మామ విసిగి ఆపబోతే, “ఇంగ కాసేపు తిప్పరా నాయనా,” అనేది.

“చూసినావా అల్లుడా, కన్నతల్లంటే అట్లుంటది. ఊరంతా నవ్వినా మాయమ్మ ధైర్యం చెప్తాంది,” అని మామ కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ కళ్ళు చెమర్చాయి. ఇప్పుడు తలుచుకుంటే ఆ కన్నీళ్ళు తిరిగి ఇచ్చెయ్యమని అవ్వను అడగాలనిపిస్తుంది.

తిరునాళ్ళ దగ్గర పడింది. మామ స్టాండు నట్లన్నీ బిగించాడు. ఒక కాలు పొట్టిగా ఉందని కింద పలక ముక్కలు దూర్చాడు. అవి వణుకుకు జారి బయటికి వచ్చేవి, ఆయన మళ్ళీ దూర్చేవాడు. అన్నం సరిగా తినడం లేదని సుబ్బులత్త చెప్పింది. ఒకరోజు పొద్దున పెరటి గోడ మీదనుంచి చూస్తే మామ లేతు ముందు ఊరికే నిలబడి, దాని మీద పడిన దుమ్ము తువ్వాలుతో తుడుస్తున్నాడు. బండికెక్కించే గొర్రెను కడుగుతున్నట్టు తుడుస్తున్నాడు. నా ఫొటో సంగతి మర్చిపోయి గోడ దూకి వెళ్ళాను.

“ఇసక మూటలొక్కటే మిగిలినాయి మామా. రా, నింపుదాం,” అన్నాను.

వాగునుంచి ఇసక తెచ్చి సంచుల్లో నింపి, స్టాండు అడుగు చెక్క మీద వరసగా పేర్చాం. అది తిరునాళ్ళ ముందురోజు. సరిగ్గా అప్పుడే రంగనాయకులు బావను తీసుకుపోవడానికి మార్కాపురం నుంచి దిగాడు. మెడలో కొత్త విజిలు. దారానికి కట్టి మరీ తెచ్చాడు.

స్విచ్చి వేశాం. ఇసక మూటలతో సహా లేతు వణికింది. ఈసారి నేల అడుగునుంచి ఒక డప్పు మోత కూడా వచ్చింది.

“బరువు చాల్లేదయ్యా! ఈ మాత్రం తెలీదా మీకు?” అని రంగనాయకులు పంచె ఎగ్గట్టాడు. “నేను కూర్చుంటా చూడండి, ఎట్ల కదులుద్దో!”

“వద్దు నాయనా!” అని యల్లమ్మవ్వ గట్టిగా అరిచింది. చాలా రోజుల తర్వాత ఆవిడ నోట ఆ మాట వినడం. కానీ వద్దు అన్నది కదా, ఎవరు వింటారు?

రంగనాయకులు ఇసక మూటల మీద కూర్చున్నాడు. ఒక్క క్షణం లేతు నిజంగానే ఆగినట్టనిపించింది. ఆయన మా ముఖాల్లోకి గర్వంగా చూశాడు. ఫట్ మని కింద బండ పగిలింది. మూటలూ ఆయనా కలిసి నేలలోకి దిగిపోయారు. లేతు గోడకు ఒరిగి నిలబడిపోయింది. మామ ఎగిరి స్విచ్చి ఆపాడు. దుమ్ము తగ్గాక చూస్తే రంగనాయకులు నడుముదాకా నేలలో ఉన్నాడు. పైన మిగిలిన సగం మనిషి నోరు తెరిచి ఉందిగాని మాట రావడం లేదు. కాసేపటికి మెడలోని విజిలు తీసి ఊదాడు.

మేం ముగ్గురం చంకల కింద చేతులేసి లాగాం. దెబ్బలేమీ తగల్లేదు, నడుము మాత్రం పట్టేసింది. ఆయన్ని యల్లమ్మవ్వ చాప మీదే పడుకోబెట్టి, మామ బ్యాటరీ లైటుతో గుంతలోకి చూశాడు. పుచ్చిపోయిన తుమ్మ మొద్దులు, వాటి కింద చీకటి, అడుగున నల్లబడిన పొట్టు. పాత జొన్నల వాసన గుప్పుమంది.

“పాతర!” అన్నాడు మామ.

వెనకటి రోజుల్లో మా వైపు జొన్నలు దాచుకోవడానికి నేలలో బావిలా తవ్వి, అడుగున గడ్డి పరిచి, గింజలు పోసి పైన మట్టితో మూసేవాళ్ళు. దాన్నే పాతర అనేవాళ్ళం. రేషను బియ్యానికి అలవాటు పడ్డాక అందరూ పూడ్చేశారు. మామ నాయన చెన్నయ్య మాత్రం పూడ్చనివ్వలేదు. పాతర పూడిస్తే ఇంట్లో గింజ నిలవదని ఆయన పట్టు. అందుకని అడ్డంగా మొద్దులు పరిపించి, మీద మట్టి కప్పించి వదిలేశాడు. తర్వాత దానిమీదే బండలు పరిచారు, కొట్టం లేచింది. ఆ పనంతా జరిగేటప్పుడు మామ మంద వెంట దిగువ ఊళ్ళలో ఉన్నాడు. కాబట్టి సొంత ఇంట్లో పాతర ఎక్కడుందో ఆయనకు తెలియదు. బోలు నేల మీద నిలబెట్టిన లేతుకు వాస్తు బాగుండి ఏం లాభం? ఇన్నాళ్ళూ మేం వైద్యం చేసింది దగ్గని గొర్రెకు.

మామ మెల్లగా తల్లివైపు తిరిగాడు. “అమ్మా, నీకు తెలుసా ఈడ పాతరుందని?”

“తెలీకేం? మొదటిరోజే వద్దంటిని గదా.”

“మళ్ళా చెప్పాల్నా లేదా? ఇన్ని దినాలు సావలేక సస్తాంటిమే!”

అవ్వ కొంగు సర్దుకుంది. అటు చూసింది, ఇటు చూసింది. “చెప్దామనే అనుకున్యా. ఆ మిషను తిరుగుతాంటే బండ జివ్వుమని అదురుతాండె. కాళ్ళు చాపుకుంటే నా మోకాళ్ళ నొప్పి యాడికి పోయిందో తెలీకుండా పోతాండె. చెప్తే మీరు బాగు చేస్తిరి గదా?”

ముందు నవ్వింది సుబ్బులత్త. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని అట్లాగే గోడకు జారబడింది. ఆ తర్వాత నేను. చాప మీద రంగనాయకులు కూడా నవ్వబోయి, నడుము కలుక్కుమని మూలిగాడు. మామ ఒక్కడే నవ్వలేదు. ఆయన అప్పటికే నేలను కాలితో తొక్కుకుంటూ కొట్టమంతా తిరుగుతున్నాడు.

“ఇది బోలు. ఇదీ బోలే. ఇది గట్టి. అల్లుడా, ఇటు పట్టు.”

వాకిలి పక్కన, మా ఊళ్ళో జానెడు లోతునే తగిలే రాయి ఉన్న చోట లేతును దించాం. అది ఈశాన్యం. రంగనాయకులు చాప మీదనుంచి చెయ్యెత్తి ఏదో చెప్పబోయాడు. సుబ్బులత్త ఆయన నడుము మీద నూనె చెయ్యి గట్టిగా అదిమింది. చెయ్యి కిందికి దిగింది.

స్విచ్చి వేశాడు మామ. చెక్క తిరిగింది. అంతే, తిరగడం తప్ప ఇంకేమీ లేదు. అలమరలో గిన్నెలు ఊరుకున్నాయి. నేను పరుగెత్తుకుపోయి సుబ్బులత్త టీ గ్లాసు తెచ్చి మోటారు మీద పెట్టాను. టీ కదల్లేదు. మామ ఉలి ఆనించాడు. పొట్టు లేచి, మెలికలు తిరిగి, ఆయన ముంజేతుల మీదుగా చుట్టలు చుట్టలుగా రాలింది. ఆయన పెదాలు వణుకుతున్నాయి. లేతు నుంచి దిగిపోయిన వణుకంతా అక్కడికే చేరినట్టుంది. నాకు ఎంత సంతోషమైందంటే, అది నా లేతే అన్నంత సంతోషమైంది.

పొద్దు గూకేలోపల నాలుగు కాళ్ళూ అయ్యాయి. సుబ్బులత్త ఒక్కొక్కదాన్నీ నేల మీద పెట్టి కాలితో తోసింది. నాలుగూ వంకర లేకుండా దొర్లుకుంటూ పోయి గడప దగ్గర ఆగాయి.

“అన్నా, గోడౌనుకు నువ్వు ఇంకొకర్ని చూసుకో,” అంది.

పాతరను పూడ్చడానికి యల్లమ్మవ్వ ఒప్పుకోలేదు. గుప్పెడు జొన్నలు అందులో వేయించి, కొత్త మొద్దులూ బండలూ పరిపించి మళ్ళీ మూయించింది. ఆ బండలు రంగనాయకులే పంపించాడు. వాటితోపాటు నైరుతిలో ఎవరూ కూర్చోవద్దని కబురు కూడా పంపాడు.

కొత్త కాళ్ళతో మంచం తయారైంది, నవారు అల్లారు. అవ్వ దానిమీద పడుకుంది. ఊరంతా వచ్చి మంచాన్ని మెచ్చుకుంది, అవ్వ తప్ప. రెండుపూటలా ముఖం గోడవైపు తిప్పుకునే ఉంది. లేతు పక్కనే సన్నగా పాడుతుంటే దాన్ని కోపంగా చూసేది. “సచ్చిందది. జీవం లేదు దాంట్లో,” అనేది. రాత్రుళ్ళు మోకాళ్ళు పట్టుకుని మూలిగేది. పాలెం నుంచి తైలం తెస్తే వద్దంది.

మామకు చేతినిండా పని దొరికింది. పప్పుగుత్తులు, కవ్వాలు, ఎవరెవరివో విరిగిన మంచం కాళ్ళు. మా ఇంట్లో ఫొటో కూడా మూడో అద్దంతో గోడ మీద నిలబడింది.

ఒక మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చానో లేదో, గోడ అదిరింది. నేను లేచేలోపల నేనూ మా ఆవిడా మళ్ళీ బోర్లా పడ్డాం. ఈసారి నాకు తిక్క నషాళానికెక్కింది. చెప్పులు కూడా వేసుకోకుండా పోయాను.

“మామా! మళ్ళా ఏం పాడైంది దీనికి?”

మామ గొంతుక్కూర్చుని ఉన్నాడు. లేతు పూనకం వచ్చినట్టు ఊగుతోంది. దానిమీద ఒక వేప మొద్దు, ఒకవైపు బుడిపెలు, ఒకవైపు గుంట, ఎక్కడా సమం లేనిది. నడిమధ్య కాకుండా బాగా పక్కకు జరిపి బిగించాడు. స్టాండు ఒక కాలి కింద పలక ముక్క తీసేశాడు. యల్లమ్మవ్వ మంచాన్ని లేతు దాకా జరిపాడు. ఆవిడ రెండు పాదాలూ స్టాండు అడుగు చెక్క మీద ఆనించి, కళ్ళు మూసుకుని ఉంది. మెడలో పూసలు కూడా అదురుతున్నాయి. ముఖంలో అంత నిమ్మళం నేనెప్పుడూ చూడలేదు.

“ఏం పాడు కాలేదు అల్లుడా,” అన్నాడు మామ, గొంతు బాగా తగ్గించి. “నేనే పాడు చేసినా. ఏది ఎట్లుంటే వణుకుతాదో అంతా నేర్చుకున్యాం గదా మనం? దినామూ అన్నం తిన్నాక కాసేపు తిప్పుతా.”

అవ్వ ఒక కన్ను తెరిచింది. నన్ను చూసింది, మొద్దును చూసింది.

“ఇంతకన్నా వంకరది దొరకలేదంట్రా?” అంది.

నేను ఇంటికి వచ్చి అద్దం ముక్కలు ఎత్తి, మేకు పీకి, ఫొటోను ఎదురు గోడకు తగిలించుకున్నాను.